పిల్లలు సొంతంగా రాసుకున్న మాటకి కూడా ఒక పోటీ పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం,

నేను కోనసీమలో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తానండి. పొద్దున్నే తలుపులు తీసి పేపర్లు బల్ల మీద సర్దేటప్పుడు మీ జిల్లా పేజీ ముందు నేనే చూస్తాను, చాలా ఏళ్ళ అలవాటు. అందులో స్కూలు పోటీల వార్తలు వస్తుంటాయి కదా, వక్తృత్వం, వ్యాసరచన, పద్యపఠనం అని. ఆ వార్త ఎప్పుడు చూసినా ఒకేలా ఉంటది. ముఖ్య అతిథి గారి పేరు, విశిష్ట అతిథి గారి పేరు, సభాధ్యక్షుల పేరు, వాళ్ళు పిల్లలకి చెప్పిన మంచి మాటలు, పక్కన ఫోటో, ఫోటోలో ఓ చివర షీల్డు పట్టుకుని ఒక పిల్ల. ఆ పిల్లకి ప్రథమ బహుమతి వచ్చిందని రాస్తారు, కానీ మైకు ముందు నిలబడి ఏం మాట్లాడితే బహుమతి వచ్చిందో ఒక్క వాక్యం కూడా ఉండదు. మాట్లాడే పోటీలో గెలిచిన పిల్ల మాటే వార్తలో లేకపోవడం నాకు చాలా కష్టంగా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

తప్పంతా పేపరుదే అనట్లేదండి. చాలా పోటీల్లో పిల్లలు మాట్లాడేది వాళ్ళ మాట కాదు. పేపరు మీద మాస్టారు రాసిస్తారు, లేకపోతే ఇంట్లో అన్నయ్యో అక్కో ఫోన్లో వెతికి తీసిస్తారు, పిల్ల నాలుగు రోజులు బట్టీ పెడతది, స్టేజి ఎక్కి చేతులు ఊపుతూ గడగడా అప్పజెప్పేస్తది, మధ్యలో ఒక్క ముక్క మర్చిపోతే అక్కడే ఆగిపోయి ఏడుపు మొహంతో దిగిపోతది. ఇందులో విలేకరి గారు రాసుకోవడానికి మాత్రం ఏముంటది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టిన రోజు, జనం మాట్లాడుకునే భాషలోనే చదువు ఉండాలి, రాత ఉండాలి అని ఆయన జీవితమంతా కొట్లాడారు. అదే రోజు మన పిల్లల చేత ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో, ఎవరో రాసిచ్చిన ఉపన్యాసం చెప్పిస్తున్నాం. ఇది మారాలండి.

పద్యాలు కంఠస్తం చెయ్యొద్దని నేను అనను, పద్యం నోటికి వచ్చిన పిల్లకి నోరు తిరుగుతది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుస్తది, నేను కూడా అలాగే నేర్చుకున్నాను. నేను అడుగుతున్నది ఇంకో పోటీ. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు తమ కవిత తామే రాసుకుని, తమ గొంతుతో తామే చెప్పే పోటీ.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, అన్ని లైబ్రరీల్లోనూ పిల్లలకి పోటీలు పెడతాం. మా దగ్గర ఒక రోజు ఈ సొంత కవితల పోటీకి ఇచ్చాం. ఆలోచన మాది కాదు, ఎక్కడిదో కూడా చెప్తాను. అమెరికాలో చికాగోలో మార్క్ స్మిత్ అని ఒకాయన, భవన నిర్మాణ పనులు చేసే మనిషి, కవిసమ్మేళనాలకి జనం రావట్లేదు, వచ్చినా నిద్రపోతున్నారు అని చూసి, 1986లో గ్రీన్ మిల్ అనే క్లబ్బులో కవితల పోటీ మొదలుపెట్టాడు. దాన్ని పోయెట్రీ స్లామ్ అంటారు. రూల్సు చాలా సింపుల్. కవిత నీదే అయ్యుండాలి, మూడు నిమిషాల్లో చెప్పాలి, వేషం వెయ్యకూడదు, చేతిలో వస్తువులు పట్టుకోకూడదు, వెనక సంగీతం ఉండకూడదు, నువ్వూ మైకూ అంతే. మార్కులు వేసేది పండితులు కాదు, వచ్చిన జనంలోంచి అక్కడికక్కడ ఎంచుకున్న ఐదుగురు. ఒక్కొక్కరు పదికి మార్కులు వేస్తారు, అందరికంటే ఎక్కువ వేసినదీ అందరికంటే తక్కువ వేసినదీ తీసేసి మిగతా మూడూ కలుపుతారు, అంటే మొత్తం ముప్పైకి. తర్వాత అక్కడి పిల్లలు కూడా దీన్ని అందుకున్నారు, అదే చికాగోలో 2001లో లౌడర్ దేన్ ఎ బాంబ్ అనే పేరుతో స్కూలు పిల్లల టీముల పోటీలు మొదలయ్యాయి. పేదల కాలనీల బడి, డబ్బున్నోళ్ళ బడి అని లేకుండా ఆ టీములన్నీ వచ్చి ఒకే స్టేజి మీద చెప్పుకునేవి.

మా దగ్గర జడ్జీలు ఎవరంటే, పేపర్ చదవడానికొచ్చిన రిటైరైన ఆర్టీసీ కండక్టర్ గారు, ఒక ఆశా వర్కరు, కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన, డిగ్రీ చదివే అమ్మాయి, ఎదురుగా మిషను కుట్టే అక్క. ఆవిడైతే నాకు కవిత్వం ఏం తెలుసండీ, నేను ఎనిమిదో తరగతితో మానేశాను అని చాలాసేపు రానంది, మీకు ఎలా అనిపిస్తే అలా వెయ్యండి అదే కావాలి అని కూర్చోబెట్టాం. మార్కులు రాయడానికి అంగన్‌వాడీ నుంచి పలకలు తెచ్చాం. పిల్ల కవిత అయిపోగానే ఐదు పలకలూ ఒకేసారి పైకి లేస్తాయి, జనం చూసి, తక్కువ వేసిన వాళ్ళ మీద అరుస్తారు. మొదట ఎవరో ఒకరు పోటీలో లేకుండా ఊరికే ఒక కవిత చెప్పాలి, జడ్జీలకి చెయ్యి అలవాటు పడటానికి, చికాగోలో కూడా అలాగే చేస్తారు. అది మా దగ్గర రోజూ పోటీ పరీక్షలకి చదువుకునే ఒక కుర్రాడు చెప్పాడు, బాగా చెప్పాడు పాపం, ఆ మార్కులు లెక్కలోకి రావు.

నిజం చెప్పాలంటే మొదట్లో వచ్చిన కవితలు చూసి దిగులేసింది. అమ్మ దేవత, చెట్టు ప్రాణదాత, దేశం మనది, అన్నీ ఎక్కడో విన్నవే. పిల్లలది తప్పు కాదు, కవిత అంటే అలా ఉండాలని వాళ్ళకి మనమే చెప్పాం. అప్పుడు పోటీకి ముందు రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి ఒకటే అడిగాం, ఈ ఊళ్ళో నీకు తప్ప ఇంకెవరికీ తెలియని విషయం ఒకటి చెప్పు, నువ్వు మీ అమ్మమ్మతో ఎలా మాట్లాడతావో అలాగే చెప్పు అని. అంతే, గది మారిపోయింది. గోదావరి మధ్యలో ఉండే లంక నుంచి పంటు మీద ఏరు దాటి బడికొచ్చే ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు వరద మీద ఇది రాసుకొచ్చాడు, అతన్ని అడిగే ఇక్కడ రాస్తున్నాను:

ఒకటో హెచ్చరిక అన్నారు
అమ్మ బియ్యం డబ్బా మంచం మీదకెక్కించింది
నాన్న ఇంకా టైముందిలే అన్నాడు
రెండో హెచ్చరిక అన్నారు
ముందు గేదె ఏటిగట్టెక్కింది
దాని వెనకాల తాతయ్య
మూడో హెచ్చరిక అన్నారు
అప్పుడిక ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు
పడవలో నా పుస్తకాల సంచీ నా వొళ్ళోనే ఉంది
టీవీలో లక్షల క్యూసెక్కులు అంటున్నారు
మా ఇంట్లోకొచ్చినవి ఎన్నో ఎవరూ కొలవలేదు

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు మనమంతా ఆ అంకె చదివాం, మీ పేపర్లోనే చదివాం. ఆ అంకె కింద ఒక పిల్లాడి పుస్తకాల సంచీ ఉందని ఈ కవిత విన్నాకే నాకు తెలిసింది. జడ్జీల్లో ఆశా వర్కరు అప్పట్లో పునరావాస కేంద్రంలో డ్యూటీ చేసిందట, పలక మీద 10 రాసి పట్టుకుంది, చాలాసేపు దించలేదు.

ఇంకో అమ్మాయి వాళ్ళమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తది. మన కోనసీమలో ఏ వీధిలో అడిగినా ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటది, దాని గురించి పిల్లల్ని ఎవరూ ఏమీ అడగరు. వాళ్ళమ్మ అక్కడ అందరూ పడుకున్నాక ఫోన్లో వాయిస్ మెసేజ్ పెడతదట, ఎవరూ లేవకూడదని గుసగుసగా మాట్లాడతదట. ఆ పిల్ల కవితలో మా అమ్మ గుసగుస నాకు బాగా తెలుసు, మా అమ్మ అరిస్తే ఎలా ఉంటదో మర్చిపోయాను అంది. పక్కనే ఉన్న పిల్లల్లో ఒక్కరు కూడా నవ్వలేదు, అదే వయసు పిల్లలు క్లాసులో అయితే ప్రతిదానికీ నవ్వుతారు. భీమవరం వైపు నుంచి ఇక్కడికొచ్చి అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకునే ఇంకో కుర్రాడు వాళ్ళ నాన్న రాత్రిళ్ళు కాసే రొయ్యల చెరువు కాపలా గురించి చెప్పాడు, కరెంటు పోతే చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయి రొయ్య తేలిపోద్దని, అందుకే ఇక్కడ ఇంట్లో ఫ్యాను ఆగినా తనకి మెలకువ వచ్చేస్తదని, నాన్న లేచి జనరేటర్ దగ్గరికి పరిగెడుతున్నట్టు అనిపిస్తదని. పదిహేనేళ్ళ పిల్లాడు ఇవన్నీ లోపల పెట్టుకుని టెన్త్ పరీక్షలకి చదువుకుంటున్నాడు, మనం ఏమో వాడి చేత పర్యావరణం ప్రాముఖ్యత మీద వ్యాసం రాయిస్తున్నాం.

నత్తి ఉన్న ఒక కుర్రాడి విషయం కొంచెం వివరంగా రాయాలి. ఎప్పుడూ మూల కుర్చీలో కూర్చుని క్రికెట్ పేజీ చదువుకుని వెళ్ళిపోయే పిల్లాడు, పుస్తకం కావాలన్నా పేరు చెప్పకుండా చీటీ మీద రాసిస్తాడు. అతను పేరు ఇచ్చేసరికి నాకు భయమేసింది, ఏమైనా అంటే ఇంకా లోపలికి వెళ్ళిపోతాడేమో అని. దానికి తోడు టైము రూలు ఒకటి ఉంది, మూడు నిమిషాలు దాటితే ఇంకో పది సెకన్లు ఊరుకుంటారు, ఆ పైన మార్కులు కోస్తారు. అతనికి ఈ రూలు పెట్టొద్దని కొందరు పెద్దవాళ్ళు అన్నారు. పిల్లల్లో రెండు వర్గాలయ్యాయి, ఒకమ్మాయి వాడికి వదిలేస్తే వాడికే అవమానం అంది, ఇంకొకడు అందరికీ ఒకే టైము అంటే అది న్యాయం కాదు, వాడి మాటకి వాడి టైము కావాలి అన్నాడు, చాలా గట్టిగా వాదించుకున్నారు. చివరికి అతన్నే అడిగాం. అతను చీటీ మీద రాసిచ్చాడు, రూలు ఉంచండి, నేను లైన్లు తక్కువ రాస్తాను అని. అలాగే తొమ్మిదే లైన్లు రాశాడు. ఒక్క లైను కూడా ఊరికే లేదు అందులో. మందుల షాపు దగ్గర ఎలా తను అడగబోయే మందు పేరు షాపాయనే పూర్తి చేసేస్తాడో, ఒకసారి తప్పు మందు ఇచ్చినా మార్చమని చెప్పలేక ఎలా ఇంటికి తెచ్చేశాడో చెప్పాడు. మూడు నిమిషాల లోపలే అయిపోయింది. నత్తి పోలేదండి, ఇప్పటికీ అలాగే ఉంది, కవిత చెప్తే నత్తి పోద్దని నేను ఎవరికీ చెప్పను. కానీ ఇప్పుడు పుస్తకం పేరు నోటితో అడుగుతాడు, మేం ఆగుతాం, అతను పూర్తి చేస్తాడు. 2021 జనవరిలో అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో కవిత చదివిన అమండా గోర్మన్ అనే అమ్మాయికి అప్పుడు 22 ఏళ్ళు, చిన్నప్పుడు ఆమెకి కూడా మాట సరిగా పలికేది కాదు, ఇంగ్లీషులో ర అక్షరం పలకడానికి చాలా ఏళ్ళు అవస్థ పడింది. ఈ సంగతి అతనికి చెప్తే ఆ వీడియో మా ఆఫీసు కంప్యూటర్లో వరసగా రెండుసార్లు చూశాడు.

పోటీ ఎందుకు, ఊరికే చదివించొచ్చు కదా, మార్కులు వేసి పిల్లల మనసు కష్టపెట్టడం ఎందుకు అని ఒక మాస్టారు అడిగారు. ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోలేదు. మార్కులు లేకుండా ఊరికే చదవండి అంటే ముగ్గురు వచ్చారు, పోటీ అంటే గది సరిపోలేదు, ఇది నేను కళ్ళారా చూశాను. పోటీ ఉంటే పిల్లలు ఇంకొకరి కవిత శ్రద్ధగా వింటారు, ఎక్కడ బాగుందో ఎక్కడ సాగదీశాడో పట్టుకుంటారు, ఇంటికెళ్ళి తమది మళ్ళీ రాసుకుంటారు. పైగా జడ్జీలు మామూలు మనుషులు కాబట్టి మార్కు తక్కువొచ్చినా నువ్వు కవివి కావు అని ఎవరూ తీర్పు చెప్పినట్టు ఉండదు, కొబ్బరి వ్యాపారం బాబాయి గారికి ఇవాళ నచ్చలేదు అంతే.

కానీ దీంట్లో నిజమైన ప్రమాదం ఒకటుంది, అది కూడా దాచకుండా రాస్తాను. బాధ చెప్పిన కవితకి మార్కులు ఎక్కువ పడతాయి. ఏడిపించిన పిల్ల గెలుస్తది, నవ్వించిన పిల్లాడు ఓడిపోతాడు. అమెరికాలో కూడా ఈ గొడవ చాలా కాలంగా ఉంది. అంతర్వేది వైపు వేటకెళ్ళే కుటుంబం నుంచి వచ్చిన ఒక కుర్రాడు గోదావరిలో దొరికే ఖరీదైన పులస చేప మీద కవిత చెప్పాడు. వాళ్ళ వలలో పులస పడితే ఇంట్లో పండగట, నాయనమ్మ దాన్ని చేతిలో పట్టుకుని బరువు చూస్తదట, బుజ్జగిస్తదట, ఫోటో తీయిస్తదట, అంతలో కారొచ్చి ఆగితే అది కాస్తా కారెక్కి వెళ్ళిపోతది, వీళ్ళింట్లో ఆ పూట కూడా ఎండుచేపే. పులస పులుసు ఎలా ఉంటదో నాకు యూట్యూబులో చూసి తెలుసు అన్నాడు. గదంతా పగలబడి నవ్వారు, ఆ రోజు మొత్తంలో ఎక్కువ చప్పట్లు దానికే, కానీ పలకల మీద మాత్రం ఏడున్నరలు, ఏడులు. ఎందుకంటే జడ్జీలకి అది జోకులా అనిపించింది. నాకైతే ఆ రోజు విన్నవాటిలో అంత గట్టి కవిత ఇంకోటి లేదు. పిల్లలు చాలా తెలివైనోళ్ళు, దేనికి మార్కులు పడతాయో ఒక్కసారి చూస్తే పట్టేస్తారు, వచ్చే ఏడాదికి ప్రతి ఒక్కరూ ఇంట్లో లేని ఏడుపు తెచ్చుకుంటారు. అందుకే పోటీ పెట్టేవాళ్ళు జడ్జీలకి ముందే చెప్పాలి, బాధకి మార్కు లేదు, చెప్పిన తీరుకే మార్కు అని. పిల్లలకీ చెప్పాలి, నీ ఇంటి సంగతి స్టేజి మీద చెప్పాలన్న బలవంతం లేదు, నీ సైకిలు గురించి చెప్పినా చాలు అని.

తల్లిదండ్రుల భయం కూడా న్యాయమైనదే. ఒక తండ్రి లైబ్రరీకొచ్చి మా అమ్మాయి ఇంట్లో విషయాలు బయట చెప్తదా అని నిలదీశాడు, ఆయన తాగుడు గురించి కవిత ఉంటదేమో అని ఆయన భయం. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మాట్లాడాం. ఆ పిల్ల చెప్పిన కవిత వాళ్ళమ్మ అల్లే లేసు గురించి, రాత్రి టీవీ చూస్తూ కూడా ఆవిడ చెయ్యి ఆగదు, డజన్ల లెక్కన ఏజెంటుకి ఇస్తది, ఆ లేసు ఏ దేశంలో ఏ బల్ల మీద పరుస్తారో ఆవిడకి తెలీదు. తండ్రి బయట గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. మేం పెట్టుకున్న ఒక నియమం అన్ని చోట్లా పెట్టమని నా మనవి, లోపల ఎవరూ ఫోన్లో వీడియో తీయకూడదు. పిల్ల ఒక గదిలో ముప్పై మంది ముందు చెప్పిన మాట రాత్రికి రీల్ అయిపోయి, కింద ఎవరెవరో కామెంట్లు పెట్టి, మర్నాడు బడికి వెళ్ళడానికి ఆ పిల్ల భయపడే పరిస్థితి రాకూడదు. పిల్ల కావాలంటే తర్వాత తనే పెట్టుకుంటది. ఎవరైనా కవితలో నిజంగా ప్రమాదం ఉన్న విషయం చెప్తే, కొడుతున్నారనో ఇంకేదో అయితే, చప్పట్లు కొట్టి ఊరుకోకూడదు, నమ్మకమైన మేడం ఎవరైనా విడిగా మాట్లాడాలి, అవసరమైతే 1098కి ఫోన్ చెయ్యాలి.

ఇదంతా విదేశీ సరుకు, మనకెందుకు అన్న మాట కూడా విన్నాను. కవిత్వాన్ని పోటీగా, జనం మధ్యన, అప్పటికప్పుడు నిలబెట్టి పరీక్షించడం మన గోదావరి గడ్డకి కొత్తా అండి? తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు కడియంలో పుట్టారు, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి. ఇద్దరూ కలిసి ఊరూరా అవధానాలు చేశారు, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుని ఒకరు సమస్య ఇస్తే, ఒకరు ఈ అక్షరం వాడకూడదంటే, ఇంకొకరు మధ్యలో దూరి పిచ్చి ప్రశ్నలేసి ఏకాగ్రత చెడగొడుతుంటే పద్యాలు చెప్పడం, మమ్మల్ని గెలిచే కవి ఉంటే రమ్మని మీసాలు పెంచి సవాలు చెయ్యడం, ఇదంతా పోటీయే కదా. వాళ్ళ నాటకాల్లో పద్యాలకి తీర్థాల్లో, జాతరల్లో తెల్లవార్లూ జనం కూర్చుని వన్స్‌మోర్ వన్స్‌మోర్ అని అరిచి, శ్రీకృష్ణుడి చేత ఒకే పద్యం మళ్ళీ మళ్ళీ పాడించుకునేవాళ్ళు. మా పోటీలో కూడా ఒక తాతగారు పులస కుర్రాణ్ణి వన్స్‌మోర్ అన్నాడు. వినడం మనకి వచ్చండి, అది ఎవరూ నేర్పక్కర్లేదు. అవధానానికి ఛందస్సు కావాలి, వ్యాకరణం కావాలి, చాలా మంది పిల్లలకి ఆ గుమ్మం దాటడం కుదరదు, ఈ మూడు నిమిషాల పోటీకి అలాంటి గుమ్మం లేదు.

గుమ్మం అన్నాను కాబట్టి ఇదీ రాయాలి. 1911లో మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు దళిత కుటుంబం నుంచి వచ్చి అంత పెద్ద కవి అయ్యారు, కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు, ఆయన పేరు చెప్తే మా గదిలో ఉన్న పిల్లల్లో ఇద్దరికే తెలుసు. ఊళ్ళో పిల్లలూ దళితుల పేటలో పిల్లలూ ఒకే ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని ఒకరి మాట ఒకరు మూడు నిమిషాలు అడ్డు రాకుండా వినడం, మన ప్రాంతంలో కులాల మధ్య జరిగిన గొడవలన్నీ చూసిన మనిషిగా చెప్తున్నాను, ఇది చిన్న విషయం కాదు. పేట నుంచొచ్చిన ఒకమ్మాయి బస్సు దిగే స్టాపు గురించి చెప్పింది, స్నేహితురాళ్ళకి తన ఇల్లు ఎక్కడో తెలియకూడదని ఒక స్టాపు ముందే దిగి నడిచి వెళ్ళేదట, ఇకనుంచి మా స్టాపులోనే దిగుతాను అని కవిత ముగించింది. ఆ స్నేహితురాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు.

మన యాస గురించి కూడా పిల్లలకి బెరుకు ఉంది. సినిమాల్లో గోదావరి మాట అనగానే కామెడీ పాత్రకి ఇస్తారు, పిల్లలు అది చూసి మైకు దగ్గరికి రాగానే టీవీ యాంకర్ గొంతు తెచ్చిపెట్టుకుంటారు. వదిలెయ్యమంటే వదిలేశారు, వదిలేసిన దగ్గర్నుంచే అసలు కవిత్వం మొదలైంది.

ఇప్పుడు నేను అడిగేది ఏంటంటే, మొదట మీ పేపరుకి. జిల్లా పేజీలో వారానికి ఒక్కసారి, ఒక కాలమ్‌లో చిన్న ముక్క చాలు, ఎనిమిది పది లైన్లు, ఏ ఊరి పిల్లలైనా పోటీలో చెప్పిన సొంత కవిత వెయ్యండి. పోటీ వార్త రాసేటప్పుడు అతిథుల పేర్లు రెండు తగ్గినా ఫర్వాలేదు, గెలిచిన పిల్ల చెప్పిన రెండు లైన్లు వెయ్యమని విలేకరి గార్లకి చెప్పండి. తర్వాత హెడ్‌మాస్టర్ గార్లకీ, మేడం గార్లకీ, వచ్చే ఆగస్టు 29న వక్తృత్వంతో పాటు సొంత కవితకి ఒక్క పీరియడ్ ఇవ్వండి. షామియానా వద్దు, శాలువాలు వద్దు, ఐదు పలకలు, ఒక గడియారం చాలు. రాజమండ్రి, అమలాపురం, కాకినాడ, పాలకొల్లు, నరసాపురం లాంటి చోట్ల సాహిత్య సంస్థలు నడిపే పెద్దలకి కూడా, మీ నెలవారీ సభల్లో చివరి అరగంట పిల్లలకి ఇవ్వండి, చివర అంటే అందరూ లేచిపోతారు, మొదటి అరగంట ఇస్తే ఇంకా మంచిది.

లైబ్రరీల విషయం అంటారా, మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటది, 1960 చట్టం నుంచి వస్తున్న పద్ధతి. అంటే ఈ గదులు, ఈ కుర్చీలు మీ డబ్బుతోనే ఉన్నాయి, మీ పిల్లలవే. ఆ సెస్సు చాలా చోట్ల వసూలు అవుతది కానీ లైబ్రరీ దాకా టైముకి రాదు, అది వేరే ఉత్తరంలో రాస్తాను. ఇంటర్‌లో చేరగానే హాస్టళ్ళకి వెళ్ళిపోయే పిల్లలు నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం ఇంటికొస్తారు, ఆ ఆదివారం సాయంత్రం కూడా లైబ్రరీ తెరిచి ఉంచడానికి మేం సిద్ధమే, అనుమతి ఇస్తే.

కవితలు కొన్ని నా దగ్గర నోటు పుస్తకంలో రాసి ఉన్నాయి. వేస్తామని మీరు ఒక మాట చెప్తే, పిల్లల్నీ ఇంట్లో వాళ్ళనీ అడిగి, ఒప్పుకున్న వాళ్ళవి మాత్రమే పంపిస్తాను. ఊరి పేరు వెయ్యాలా వద్దా అనేది పిల్లలే చెప్తారు. ఫోటోలు అడగొద్దు. యాసలో ఉన్న మాటల్ని మాత్రం మీ డెస్కులో దిద్దొద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను, ఉంటది అని రాస్తే ఉంటది అనే వెయ్యండి.

ఇట్లు,
ఒక శాఖా గ్రంథాలయ ఉద్యోగిని,
కోనసీమ